ట్యాంకు నిండిందని చెప్పే గోలీ

మా స్కూల్ స్టాఫ్‌రూములో నిన్న కొత్త టీచరు లావణ్య హ్యాండ్‌బ్యాగులోంచి గోలీల పట్టీ తీసి నొక్కింది. రేకు టిక్కుమని చిట్లింది. నెలసరిని వెనక్కి నెట్టే గోలీ అది. వాళ్లింట్లో ఆదివారం బోనమని తెలుసు కాబట్టి ఎందుకని నేను అడగలేదు. ఆ చప్పుడు వింటే నాకు సువర్ణ మేడం గుర్తొస్తారు.

సిద్దిపేటలో మేము మొదట కిరాయికి దిగింది వాళ్ల ఇంట్లోనే. మేడం డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. కాస్త తిక్క మనిషి. మోటరు వేసి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ట్యాంకు పొర్లిందంటే కిరాయిదార్లందరికీ క్లాసు పడేది. నాకు ఆమె అంటే భయంగానే ఉండేది.

పెళ్లయి నాలుగేళ్లయినా మాకు పిల్లల్లేరు. మా అత్తమ్మ, సంక్రాంతి నుంచి ఉగాది దాకా నాతో ప్రతి ఆదివారం కొమురవెల్లి మల్లన్నకు బోనం ఎత్తిస్తానని మొక్కుకుంది. "ఒక్క ఐతారం గూడ తప్పొద్దు బిడ్డా" అనేది. నెలసరి వస్తే బోనం ముట్టరాదు. అందుకని ఆ సీజనంతా గోలీలు మింగేదాన్ని. అది కాగానే ఎల్లమ్మ మొక్కు, ఆ తర్వాత ఆషాఢం, ఆపైన బతుకమ్మ. పిల్లల కోసం మొక్కు, మొక్కు కోసం గోలీ. ఇందులో తిరకాసుందని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

ఒకరోజు నల్లా దగ్గర గోలీ వేసుకుంటుంటే మేడం చూశారు. ఎందుకని అడిగితే అంతా చెప్పాను. ఆమె కాసేపు ట్యాంకు వైపు చూశారు.

"మన మెదడుల కొన్ని కణాలుంటయ్. అండం తయారు చెయ్యమని కిందికి ఆర్డరు పంపేది అవే. అండాశయం నుంచి వచ్చే హార్మోన్లను బట్టి నడుచుకుంటయ్. ఒకటి బాగ పెరిగితే జోరు చేస్తయ్, అండం విడుదలైతది. ఇంకోటి పెరిగితే ఊకుంటయ్. నీ గోలీ ఆ రెండోదాని లెక్కనే. ట్యాంకు నిండిందని మోటరుకు చెప్తున్నవ్. మోటరు బంద్ జేసి, నీళ్లేవని మల్లన్నను అడుగుతున్నవ్."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నేను డాక్టర్ను కాదు. వేరే కారణం గూడ ఉండొచ్చు. పోయి చూపించుకో" అన్నారు. దవాఖానలో కూడా ముందు ఆ గోలీలు ఆపమనే చెప్పారు.

ఆపాను. శనివారం నెలసరి వచ్చింది. అప్పటికే అత్తమ్మ కొత్త కుండకు పసుపు రాసి పెట్టింది. సంగతి తెలిసి నాతో మాట మానేసింది. నా కాపురం ఏమవుతుందోనని ఆ రోజు నిజంగా భయపడ్డాను. సాయంత్రం మేడం వచ్చి అత్తమ్మ పక్కన కూర్చున్నారు.

"అక్కా, మొక్కు ఎవరిది?"

"నాదే."

"మరి బోనం నువ్వే ఎత్తు. ఆ పిల్ల పానం మీదికెందుకు?"

అత్తమ్మ మోకాళ్ల నొప్పులని గొణిగింది. కానీ తెల్లారి తనే ఎత్తుకుంది. తిరిగొచ్చాక మల్లన్న పసుపు, బండారి పొట్లం నా చేతికివ్వకుండా కిటికీలో పెట్టి, "తానం జేసినంక పెట్టుకో" అంది. అంత కోపంలోనూ నా కోసం తెచ్చింది.

మరుసటి ఏడాది మాకు పాప పుట్టింది. స్వీటు డబ్బా తీసుకెళ్తే, "నాదేమున్నది, మోటరు దానంతటదే నడిచింది" అన్నారు మేడం. ఇప్పుడామె లేరు.

నిన్న లావణ్య గోలీ నోట్లో వేసుకోబోతుంటే, "మొక్కు ఎవరిదమ్మా?" అని అడిగాను.

"మా అత్తమ్మది మేడం, పిల్లల కోసం" అంది.

నా కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.