సూదిని వదలడం నేర్పిన అంకుల్

గత నెల ఒక మంగళవారం ఉదయం సింగపూర్‌లోని జురాంగ్ ఈస్ట్‌లో రైలు దిగుతుండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ పోయినారమ్మా. కాఫీ పెట్టి లేపితే లేయలేదు" అన్నారు. నేను ప్లాట్‌ఫారం మీద ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. నా పక్కనుంచి జనం ఆఫీసులకు పరుగెడుతున్నారు.

నేరుగా బుకిట్ పంజాంగ్‌లో వాళ్ల ఫ్లాటుకు వెళ్లాల్సింది. కానీ ముందు ల్యాబ్‌కే వెళ్లాను. సరిగ్గా ఇరవై ఎనిమిది రోజుల కిందట పోసిన సిమెంటు దిమ్మలను ఆ ఉదయమే యంత్రంలో పెట్టి విరిచి, బలం ఎంతో రాయాలి. "ఇరవై ఎనిమిదో దినం అంటే ఇరవై ఎనిమిదో దినమే మా. దిమ్మకు మన ఇంట్లో సంగతులు తెల్దు" అనేవారు అంకుల్. విరిచి, అంకెలు రాసి, చేతులు కడుక్కుని, అప్పుడు వెళ్లాను. ఆంటీకి ఆ మాట చెబితే, "మంచి పని చేసినావు. లేకుంటే ఆయనే కోప్పడేవారు" అన్నారు.

ఆయన నాకు చుట్టం కాదు. సిమెంటును పరీక్షించే ల్యాబ్‌లో నా సీనియర్. కడప వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని నేర్చుకుని, పెళ్లైన కొత్తలో సింగపూర్ వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. చైనీయులు, మలయ్‌లు, మేము, అందరం ఆయన్ని అంకుల్ అనే పిలిచేవాళ్లం. సిమెంటు చర్మాన్ని తినేస్తుందని సింకు పక్కన ఎప్పుడూ ఒక కొబ్బరినూనె సీసా పెట్టేవారు. అది అయిపోవచ్చిందంటే, ఎవరూ అడగకముందే ఇంకోటి వచ్చేది.

నేను నల్గొండలో కెమిస్ట్రీ డిగ్రీ చేశాను. మావారి బ్యాంకు ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాక, పాపను పెంచుతూ ఎనిమిదేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఆ ల్యాబ్‌లో నాకు దొరికింది సిమెంటు పోసే అచ్చులు కడిగి, నూనె రాసే పని. మూడో నెలలో ఒకరోజు అంకుల్ నా పక్కన నిలబడి, "ఎంతకాలం కడుగుతావు మా ఇవి? పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకో. అప్పుడు నువ్వు చేసిన టెస్టుకు విలువ ఉంటాది" అన్నారు.

"నాకెట్ల వస్తది అంకుల్? పుస్తకాలు పట్టి పదేండ్లయింది."

"పుస్తకం కంటే చేతి పని ఎక్కువ దీంట్లో. చేతులు చూపించు." చూపించాను. "చాలు. ఇవి నిలకడగా ఉండాయి" అన్నారు.

ఆ సర్టిఫికెట్ కోసం సిమెంటు మెత్తదనం, బలం, గట్టిపడే సమయం, ఇలా ఒక్కో పరీక్షనూ పరీక్షకుడి కళ్లముందు మొదటినుంచి చివరిదాకా చేసి చూపించాలి. నన్ను బాగా భయపెట్టింది గట్టిపడే సమయం. సిమెంటులో నీళ్లు కలిపి ముద్ద చేసి అచ్చులో నింపుతాం. కొంతసేపటికోసారి సన్నని సూదిని ముద్ద పైభాగానికి తాకించి వదులుతాం. మొదట్లో అది అడుగుదాకా దిగిపోతుంది. ముద్ద బిగిసేకొద్దీ పైనే ఆగుతుంది. నీళ్లు పోసినప్పటినుంచి సూది అడుగును చేరకుండా ఆగేదాకా ఎంతసేపు పట్టిందో రాయాలి. చెప్పడానికి ఇంతే.

"సూదిని నొక్కొద్దు, విసరొద్దు. ఉత్తగా వదులు. అది ఏం చెప్తాదో విను" అనేవారు. శనివారాలు మధ్యాహ్నం పని అయిపోయాక, తన పెరుగన్నం డబ్బా పక్కన పెట్టుకుని, నాతో మళ్లీ మళ్లీ చేయించేవారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

అయినా మొదటిసారి పరీక్ష తప్పాను. కంగారులో నీళ్లు పోసి, స్టాప్‌వాచ్ నొక్కడం మరచిపోయాను. కాసేపటికి గుర్తొచ్చి నొక్కేశాను. ఎవరూ చూడలేదనుకుని ఏమీ ఎరగనట్టు పని సాగించాను. పరీక్షకుడు చూశాడు. పొరపాటు చెప్పుకున్నవాళ్లకు అదే రోజు మళ్లీ చేసే అవకాశం ఉంటుందట. నేను చెప్పుకోలేదు. మర్నాడు అంకుల్‌కు అంతా చెప్పి ఏడ్చాను. ఆయన తిట్టలేదు. "సరే, మళ్లీ కడదాం ఫీజు. సోమవారం నుంచి మొదలుపెడదాం" అన్నారు.

ఆ రెండో విడత సాధనలోనే అది జరిగింది. ఒకే సంచిలోని సిమెంటును ఇద్దరం విడివిడిగా పరీక్షించాం. ఆయన కంటే నాకు పాతిక నిమిషాలు ముందే గట్టిపడినట్టు వచ్చింది.

"నాదే తప్పయి ఉంటది. మీ నంబరే రాస్త అంకుల్" అన్నాను.

"నీ కాగితంలో నా నంబరు ఎట్ల రాస్తావు మా? నీకు వచ్చిందే రాయి."

మర్నాడు మళ్లీ చేశాం. అదే తేడా. మూడోరోజు ఆయన ఒక్క ముద్దే కలిపి, ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం అదే సూదిని వదులుదామన్నారు. నేను వదిలితే సూది మధ్యలో ఆగింది. ఆయన వదిలితే ఇంకా లోతుకు దిగింది. నాలుగుసార్లూ అంతే. అప్పుడు నేను ముద్దను కాకుండా ఆయన చేతిని చూశాను. సూదిని వదలబోయే క్షణంలో ఆ చేయి సన్నగా వణుకుతోంది. వణుకుతూ తనకు తెలియకుండానే సూదిని కిందికి తోస్తోంది.

ఆయన కూడా చూశారు. చేయి వెనక్కి తీసుకుని, అరచేతిని కొంతసేపు అలాగే చూసుకున్నారు. "సిమెంటుది కాదు మా తేడా. నాది" అన్నారు.

"ఎవరికీ చెప్పొద్దు అంకుల్. ఇకమీద మీ టెస్టులు నేను చేస్త" అన్నాను. నిజంగా ఆయన మీద ప్రేమతోనే అన్నాను. ఆయన నా వంక చూసిన చూపుకు మాత్రం తల దించుకున్నాను.

"నువ్వు ఇంకా పరీక్షే పాస్ కాలేదు" అన్నారు నెమ్మదిగా. "నేను సంతకం పెట్టిన సిమెంటుతో ఎవరో ఇల్లు కడతాండారు. పద."

నన్ను వెంటబెట్టుకుని మేనేజర్ గదికి వెళ్లారు. ఆమె చైనీస్ మనిషి, నా వయసుదే. తన చేయి వణుకుతోందనీ, రెండు నెలలుగా తాను చేసిన సూది పరీక్షలన్నీ దాచిన నమూనాలతో మళ్లీ చేయించమనీ చెప్పారు. "అంకుల్, యూ షూర్ ఆర్ నాట్?" అని ఆమె రెండుసార్లు అడిగింది. "షూర్ లా" అని ఇక్కడి యాసలోనే చెప్పి నవ్వారు ఆయన. ఆ నవ్వు ఎంత కష్టం మీద వచ్చిందో పక్కనున్న నాకు తెలుసు.

రెండు రిపోర్టులు సవరించి పంపాల్సి వచ్చింది. ఒక కస్టమర్ ఫోన్లో గట్టిగా అరిచాడు. అంకుల్ ఆ ఫోన్ తనే తీసుకుని, తప్పు తనదేనని చెప్పారు. ఆ వారం నుంచి ఆయన సంతకం ఆగిపోయింది. డాక్టర్లు నరాల జబ్బన్నారు. రిటైర్మెంటుకు మిగిలిన కొన్ని నెలలూ నమూనాల గదిలో కూర్చుని పనిచేశారు. ఆ గదిలోంచే నన్ను కేకేసి, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో అప్పజెప్పించుకునేవారు.

రెండోసారి పరీక్షలో అచ్చు నింపుతుండగా నా మోచేయి తగిలి కొంత ముద్ద బల్ల మీద పడింది. పరీక్షకుడు ఆ క్షణంలో కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. "సార్, ముద్ద ఒలికింది. మళ్లీ మొదటినుంచి చేస్తాను" అన్నాను. అతను తలెత్తి, సరేనన్నాడు. కొత్తగా తూచి, కొత్తగా కలిపాను. సూదిని ఉత్తగా వదిలాను.

ఫలితం వచ్చినరోజు హాకర్ సెంటర్ తిండి అంగళ్ల దగ్గర అంకుల్ నాకు కాఫీ ఇప్పించారు. తన గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగారు. కాగితంలో నా పేరును వేలితో తడిమి, ఇంటిపేరుతో సహా పైకి చదివారు. "ఇంక నా టెస్టులు నువ్వు చేయొచ్చు మా" అన్నారు.

ఈ రోజు ఆ ల్యాబ్ నుంచి వెళ్లే సూది పరీక్షల రిపోర్టుల కింద నా సంతకం ఉంటుంది. ఎనిమిదేళ్లు ఇంట్లో ఉండి, నాకేమీ రాదని నమ్మిన దాన్ని. ఆయన నాకు పని నేర్పారు, నిజమే. కానీ తన అంకె పక్కన నా అంకెను నిలబెట్టి, నాదే సరైనదని ఒప్పుకోవడం అంతకన్నా పెద్ద సాయం. దానికి థాంక్స్ చెప్పాలని ఎన్నోసార్లు అనుకుని, ప్రతిసారీ పని మాటలే మాట్లాడి వచ్చేశాను.

కర్మలు అయిపోయిన సాయంత్రం ఆంటీతో పాటు వాళ్ల పదకొండో అంతస్తు వరండాలో నిలబడ్డాను. ఎదురుగా, ఎవరో సంతకం పెట్టిన సిమెంటుతో కొత్తగా కట్టిన ఫ్లాట్ల బ్లాకు. జనం ఇప్పుడిప్పుడే కాపురాలకు దిగుతున్నారు. చాలా కిటికీలు ఇంకా చీకటిగానే ఉన్నాయి. మేం చూస్తుండగా ఒకదాంట్లో లైటు వెలిగింది. పరదాలు లేని ఆ గదిలో ఒకావిడ చీపురు పట్టుకుని ఊడుస్తోంది. చిన్నపిల్లొకతి చెప్పులు లేకుండా, ఆ కొత్త నేల మీద ఈ గోడనుంచి ఆ గోడదాకా పరుగెత్తి, మళ్లీ వెనక్కి పరుగెత్తి, గెంతుతోంది.