పాత కంచు నాణేలు, ఒక సంచి

పళ్ళాయన అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు గానీ, ఆయన డాక్టరేం కాదు. డాక్టర్లు పీకేస్తారు, ఈయన కట్టుడు పళ్ళు చేసి ఇస్తాడు. పాత మేడ కింద, ఒకే ఒక్క కిటికీ ఉన్న గదిలో, ప్లాస్టర్ అచ్చులూ మైనమూ చిన్న మోటారూ ముందేసుకుని జీవితమంతా ఊళ్ళోవాళ్ళ పళ్ళు అరగదీస్తూ కూర్చున్నాడు. "ఈ వీధిలో సగం నవ్వులు నా చేతివే" అనేవాడు. తీరా ఆయన నవ్వితే కింది వరసలో రెండు పళ్ళుండవు. అదేమిటయ్యా అంటే, "నావి చేసుకునే తీరిక ఎక్కడేడిసింది!" అనేవాడు.

తీరిక లేకేం, బోలెడుంది. ఉన్న తీరికంతా నాణేలు తినేశాయి. అవైనా బంగారమా, వెండా? రోమన్ సామ్రాజ్యం కూలబోయే రోజుల్లో కొట్టిన కంచు నాణేలు. చిటికెన వేలి గోరంత ఉంటాయి. మట్టి కరుచుకుని, నల్లగా పచ్చగా, దోసిట్లో పోస్తే మేక పెంటికల్లా ఉంటాయి. వేలం హాల్లో డబ్బున్నవాళ్ళు బంగారు నాణేల కోసం కొట్టుకు చచ్చి, కాఫీలకని లేచి పోయాక, ఆఖర్న వచ్చే సరుకు అది. అదొక్కటే ఈయనకు అందేది.

మొదటిసారి కొన్నది జాబితాలో ఒకే ఒక్క ముక్కగా ఉంది: "పాత కంచు నాణేలు, ఒక సంచి." ఎవరూ పాట పాడలేదు. అప్పటికింకా పడుచువాడు, ఊరికే చూద్దామని వచ్చినవాడు, ఏమనుకున్నాడో చెయ్యెత్తాడు. ఇంటికి తెచ్చి పాత పేపరు మీద బోర్లిస్తే నాణేలతో పాటు చిన్నచిన్న కాగితం ముక్కలు రాలాయి. వాటి మీద ఎవరిదో చీమ తలకాయంత రాత. "ఎవరో పనీపాటా లేని మహానుభావుడు!" అని పడీపడీ నవ్వాడు. భార్య చీపురు తెచ్చి ఆ ముక్కలన్నీ ఊడ్చేసింది.

ఆ తర్వాత ఆయనే ఆ మహానుభావుడయ్యాడు. నాణేన్ని నెలల తరబడి నీళ్ళలో నానేసేవాడు, నీళ్ళు మార్చేవాడు, మళ్ళీ నానేసేవాడు. ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని, భూతద్దం కింద పెట్టి, పళ్ళ పనికి వాడే సూదితోనే మట్టిని రేణువు రేణువుగా లేపేవాడు. తొందరపడితే మట్టితో పాటు పైపొర లేస్తుంది, పొరతో పాటు మొహమూ పోతుంది. ఓపిక పడితే ముందు ఒక ముక్కు బయటపడుతుంది. తర్వాత కన్ను. ఆ తర్వాత తలకు కట్టుకున్న ముత్యాల పట్టీ.

"వచ్చాడే!" అని కేకేసేవాడు.

"ఎవరండీ? కుర్చీ వెయ్యమంటారా?" అని వంటగదిలోంచి భార్య.

ఆవిడ వాటిని తుప్పు అనే అనేది. పెళ్ళయిన కొత్తలో కోపంగా అనేది, పోనుపోను ముద్దుగా అనడం అలవాటైంది. వాళ్ళకు పిల్లల్లేరు. "మీ తుప్పు సంతానానికి స్నానాలయ్యాయా, అన్నం వడ్డించనా?" అనేది. ఆయన మాత్రం నిజంగానే వాళ్ళకు పేర్లు పెట్టుకున్నాడు. కోపిష్టి, సన్నముక్కు, చెవి తెగినవాడు, మూతి ముడుచుకున్న మహారాణి. పళ్ళ నమూనాలు దాచుకునే చెక్క సొరుగుల్లో గుంటలు తొలిచి, ఒక్కో టంకశాలకు ఒక్కో సొరుగు ఇచ్చాడు. ఏ ఊళ్ళో కొట్టారో వెనకవైపు సైనికుల కాళ్ళ కింద పొడి అక్షరాల్లో ఉంటుంది. అది చదివి, చీటీ రాసి, నాణెం కింద పెట్టేవాడు. "కళ్ళు మూసుకుని ఏ సొరుగైనా తియ్యి, ఎవరెవరో చేత్తో చెప్తా" అని భార్య దగ్గర గొప్పలు పోయేవాడు. చెప్పేవాడు కూడా.

అలాంటివాడికి చూపు పోయింది. మొత్తం పోయినా ఒక దారి. పక్కల కనిపిస్తుంది, నడవగలడు. సూటిగా దేన్ని చూస్తే దాని మీద మసక మచ్చ కూర్చుంటుంది. ఇక బాగు కాదని కంటి డాక్టరు చెప్పేశాడు. ముందు పళ్ళ పని పోయింది. ఎన్నో ఏళ్ళుగా వచ్చే దర్జీ, "అన్నా, నమిలితే గుచ్చుకుంటోంది" అని పళ్ళ సెట్టు బల్ల మీద పెట్టి, మొహం చెల్లక గబగబా వెళ్ళిపోయాడు. దానికి ఈయన అంత బాధపడలేదు. ఆదివారం నాడు కోపిష్టిని భూతద్దం కింద పెడితే, వాడి తల ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఉంది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అంచు కనిపిస్తుంది, మొహం కనిపించదు. భార్య వచ్చేసరికి ఏడుస్తున్నాడు.

"నేను చూడలేనివి నా దగ్గరెందుకే?" అన్నాడు కొన్నాళ్ళకు. "కళ్ళున్నవాడి దగ్గరికి పోవాలి. ఎవడో ఒకడు సొరుగు లాగి, ఒక్కసారి ఆహా అనాలి. అంతకంటే నాకేం అక్కర్లేదు."

వేలం వేసే సుత్తాయన ఈయనకు పాత స్నేహితుడే. సొరుగులన్నీ మోయించుకుని ఆయన దగ్గరికి వెళ్ళారు. "సొరుగుల్తో సహా, చీటీల్తో సహా అమ్మాలి. ఒక్కటి కూడా అటూ ఇటూ కాకూడదు" అని ఒకటికి పదిసార్లు చెప్పాడు పళ్ళాయన.

"మీరు చెప్పాలా బావగారూ! నాకు తెలీదూ?" అన్నాడు సుత్తాయన. మనసులో చెడు లేదు. కానీ ఆ మాట గుమస్తాకు చెప్పడం మర్చిపోయాడు.

వేలం రోజు పళ్ళాయన తన భార్యను కూడా రమ్మన్నాడు, చూసి చెప్పడానికి. సరుకు పరిచిన బల్ల దగ్గరికి వెళ్ళి, "మన సొరుగులు ఎక్కడున్నాయే?" అని అడిగాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఒక ప్లాస్టిక్ సంచి మీద పెట్టింది.

"ఆ చెక్క డబ్బాలా అంకుల్? చోటంతా తినేస్తున్నాయని తీసేశా" అంది గుమస్తా అమ్మాయి హుషారుగా. "ఎలాగూ తూకానికి పోయే రకమే కదా, అన్నీ ఒకదాంట్లో పోసేశా. కాగితాలు మాత్రం చాలా వచ్చాయి బాబోయ్, రెండు చెత్తబుట్టలు నిండాయి."

పళ్ళాయన సంచిలోకి చెయ్యి పెట్టాడు. చల్లగా, ఇసకలా, అన్నీ ఒకటే. ఏ ఊరివాడు ఏ ఊరివాడి మీద పడ్డాడో. వేళ్ళకు ఒక కాగితం ముక్క తగిలింది. "ఏముందే దీని మీద?" అన్నాడు.

"మీ రాతే" అంది భార్య.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, ఆ మొదటి సంచి. అందులోంచి రాలిన ముక్కలు. ఆ రాత రాసినవాడు ఎవడో, ఎన్నేళ్ళు రాశాడో. తాను పడీపడీ నవ్వాడు. చీపురుతో ఊడ్పించాడు.

సుత్తాయన పరిగెత్తుకొచ్చి తల బాదుకున్నాడు. "పొరపాటైపోయింది బావగారూ. జాబితా అచ్చయిపోయింది, ఇప్పుడు సరుకు వెనక్కిచ్చే వీల్లేదు. ఏం చెయ్యమంటారు?"

ఏం చెయ్యమంటాడు? పోయి వెనక వరసలో కూర్చున్నాడు. ఒక్క ఆశ మిగిలింది. తనలాంటి పిచ్చివాడు ఈ హాల్లో ఒక్కడుండడా? కొంటాడు, నానేస్తాడు, మళ్ళీ మొదటినుంచీ చీటీలు రాస్తాడు. ఒక్కడు చాలు.

బంగారాలు అయ్యాయి, వెండి అయింది, కుర్చీలు చప్పుడు చేసుకుంటూ జనం కాఫీలకు లేచారు. "పాత కంచు నాణేలు, ఒక సంచి" అన్నాడు సుత్తాయన. ఎవరూ పలకలేదు. ధర తగ్గించాడు. పలకలేదు. ఇంకా తగ్గించాడు.

"సర్లెండి, నాకు రాయండి" అన్నారెవరో ముందు వరసలోంచి.

"ఎవరే?" అన్నాడు పళ్ళాయన.

భార్య మెడ చాచి చూసింది. "బొత్తాలాయనండీ. చెవులకు లోలాకులూ అవీ చేసి అమ్ముతాడే, ఆయన."

అంటే నాణేలకు చిల్లులు! పళ్ళాయన చెయ్యి దానంతటదే పైకి లేచింది. లేచి నిలబడ్డాడు కూడా.

సుత్తాయన ఆయన వైపు వంగాడు. "దించండి బావగారూ" అన్నాడు మెల్లిగా. "మీ సరుకుకు మీరే పాడకూడదు."

హాల్లో మిగిలినవాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. చెడ్డగా ఏం కాదు, తమాషా చూసినట్టు నవ్వారు. ఆయన చెయ్యి దించలేదు. భార్యే పట్టుకుని దించింది. సుత్తి పడింది.

బయట వరండాలో బొత్తాలాయన సంచి భుజాన వేసుకుంటుంటే, పళ్ళాయన వెతుక్కుంటూ వెళ్ళి ఆపాడు. "బాబూ, చిల్లు పెడితే పెట్టావు గానీ, మొహం మీద పెట్టకయ్యా. పైన, అంచు దగ్గర పెట్టు."

బొత్తాలాయన సంచి విప్పి లోపలికి తొంగి చూశాడు. "వీటి మీద మొహాలున్నాయా?" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. పైగా ఈయన వాలకం చూసి జాలిపడి, "పోనీ, ఒకటి ఉంచుకోండి పెద్దాయనా. మీకు నచ్చింది తీసుకోండి" అని సంచి ముందుకు చాపాడు.

పళ్ళాయన చెయ్యి పెట్టాడు. కోపిష్టి కోసం దేవాడు. సన్నముక్కు కోసం దేవాడు. చేతికి అందరూ తెలుసనుకున్నాడు ఇన్నాళ్ళూ. తెలిసింది సొరుగులో ఎవరి చోటు ఎక్కడో, అంతే. బొత్తాలాయన పాపం చాలాసేపు ఓపిగ్గా నిలబడ్డాడు. చివరికి పళ్ళాయన ఏదో ఒకటి గుప్పిట్లో బిగించి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. సొరుగులు పెట్టే బల్ల ఖాళీగా ఉంది. గుప్పిట విప్పి, భార్యకు భూతద్దం అందించాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ దాన్ని పట్టుకోవడం అదే మొదలు.

"ఎవరో చూడవే."

ఆవిడ చాలాసేపు చూసింది. "మగమనిషండీ."

"అది సరే. ఎలా ఉన్నాడు?"

"తలకేదో కట్టుకున్నాడు. అటుపక్కకు తిరిగి ఉన్నాడు."

"అందరూ అటుపక్కకే తిరిగి ఉంటారే" అన్నాడాయన. "సరిగ్గా చూడు. కోపంగా ఉన్నాడా? ముక్కు సన్నమా? చెవి ఉందా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. వెలుతురుకేసి తిప్పి చూసింది. ఏదో ఒక పేరు చెప్పేద్దామా అనుకుంది గానీ, ఆ ఒక్క విషయంలో ఆయనకు అబద్ధం చెప్పడానికి ఆవిడకు మనసొప్పలేదు.

"నాకు తెలీడం లేదండీ" అంది.