ఇనుముకూ తోలుకూ పొత్తు

నేను రాసిన కాగితాల్లో నాకు తలవంపులు తెచ్చింది ఒక్కటే. అది ఏసుపాదం పొత్తు కాగితం. సూర్యాపేట కచేరీ ముందు రేకుల పంచన చాప వేసుకుని ఇరవై రెండేళ్లు అర్జీలూ దస్తావేజులూ రాశాను. ఉర్దూలో నా రాత చూసి గుమస్తాలు కూడా మెచ్చుకునేవాళ్లు. నాకు కాస్త పొగరు ఉండేది, దాచడమెందుకు? ఆ పొగరును ఒక తోలుముక్కతో దించింది ఏసుపాదం భార్య సువార్తమ్మ.

ఏసుపాదానిది కోదాడ దగ్గర చిలుకూరు. తోలుపని చేసేవాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. తోలుకు బెజ్జాలు పెట్టే ఆరె ఎప్పుడూ చేతిలో ఉండేది. జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే దాన్ని పళ్ల మధ్య కరిచి పట్టుకునేవాడు. అప్పుడు దేవుడడిగినా అతని నోట మాట రాదు. ఊళ్లో దొరకు ఇరవై ఏళ్లు వెట్టికి చెప్పులు కుట్టాడు, మోట తొండాలు కుట్టాడు. మోట అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే పెద్ద ఇనుప బొక్కెన. దాని అడుగున ఒక మూతి, ఆ మూతికి కట్టిన పొడవాటి తోలు తొండం. నీళ్లు ఆ తొండంలోంచి కాలువలో పడతాయి. బొక్కెన చేసేది కమ్మరి, తొండం కుట్టేది ఏసుపాదంలాంటివాడు. దొర బావి మీద మోట కారిందంటే తప్పు తోలుదే. ఇనుమును వేలెత్తి చూపే హక్కు తోలుపనివాడికి లేదు.

పోలీసు చర్య అయ్యాక దొర గడీకి తాళం పడింది. వెట్టి పోయింది. నలభై తొమ్మిది ఎండాకాలంలో ఏసుపాదం సువార్తమ్మను వెంటబెట్టుకుని సూర్యాపేట వచ్చి, అంగడి పక్కన కమ్మరి మల్సూర్ కొలిమి ముందు నిలబడ్డాడు. మల్సూర్ గరిడేపల్లివాడు. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. బొక్కెన ఒకచోట, తొండం ఇంకోచోట కొనుక్కోవడానికి రైతులు తిరగలేక తిట్టుకుంటున్న రోజులవి. మోట మొత్తం ఒకేచోట దొరికితే మిర్యాలగూడ, హాలియా నుంచి కూడా జనం వస్తారని ఇద్దరికీ ఒకేసారి తోచింది. మర్నాడే నా చాప ముందు కూర్చున్నారు. అంటే, మల్సూర్ కూర్చున్నాడు. ఏసుపాదం చెప్పులు అంత దూరాన విడిచి నిలబడ్డాడు.

"మున్షీసాబ్, మా ఇద్దరికి ఒక కాయితం రాయాలె," అన్నాడు మల్సూర్.

"ఎలాంటి కాగితం? మూడు దారులున్నాయి," అన్నాను నేను, గొంతు సవరించుకుని. "మొదటిది, దుకాణం నీది, ఇతను నీ దగ్గర జీతగాడు. మంచీ చెడూ అన్నీ నీవే. రెండోది, ఎవరి దుకాణం వాళ్లదే, పక్కపక్కన కూర్చుంటారు, అంతే. మూడోది పొత్తు. దుకాణం ఇద్దరిదీ. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. పొత్తులో ఒకడు చేసిన తప్పు ఇద్దరి మెడకూ చుట్టుకుంటుంది. నీ ఇనుము విరిగితే రైతు వచ్చి ఇతని బర్రెను తోలుకుపోవచ్చు."

జీతగాడన్న మాట వినగానే ఏసుపాదం ముఖం వాడిపోయింది. ఆరె పళ్ల మధ్యకు వెళ్లింది. మల్సూర్ అది చూశాడు.

"జీతం మాట లేదు. పొత్తే రాయి," అన్నాడు.

ఇక్కడే నా తెలివి మీద నాకు ముచ్చటేసింది. ఇద్దరినీ కాపాడదామని ఒక షరతు పెట్టాను. రాబడి చెరి సగం. ఇనుము చెడితే మల్సూర్ బాగుచెయ్యాలి, తోలు చెడితే ఏసుపాదం బాగుచెయ్యాలి. పొత్తులో ఉన్న సుఖమంతా ఉంచి, ప్రమాదమంతా తీసేశాననుకున్నాను. చదివి వినిపిస్తే ఇద్దరూ తలూపారు. సువార్తమ్మ ఒక్కతే, "ఇనుముకు తోలుకు నడుమ చెడితే ఎవలిది, అయ్యా?" అని అడిగింది. ఆడవాళ్లకు ప్రతిదానికీ అనుమానమేనని విసుక్కున్నాను. ఆ విసుగు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దుకాణం బాగానే సాగింది. ఒక్క సంగతే నాకు నచ్చేది కాదు. ఎవరైనా గిరాకీ వస్తే ఏసుపాదం చేతిలో పని వదిలేసి లేచి నిలబడి, "అన్నా, ఎవలో వచ్చిండ్రు," అని లోపలికి కేకేసేవాడు. సగం దుకాణం అతనిదే అయినా వచ్చినవాళ్లకు అతను జీతగాడిలాగే కనిపించేవాడు. ఒకరోజు ఉండబట్టలేక మందలించాను. నవ్వి ఊరుకున్నాడు.

కోదాడ రైతు వెంకటయ్య ఒకేసారి ఆరు మోటలు అడిగాడు. ఆ ఏడు రేకు దొరకడం కష్టంగా ఉంది. మల్సూర్ దగ్గర ఉన్నది అయిదు బొక్కెనల రేకే. మాట పోగూడదని అతను ఆ అయిదింటి రేకులోంచే ఆరు తీశాడు. ఒక్కో మూతి దగ్గర రెండు వేళ్ల రేకు తగ్గించాడు. ఆ రెండు వేళ్లు ఎందుకంటే, అంచును బయటికి మడిచి సుత్తితో నున్నగా కొట్టడానికి. మడత లేని రేకు అంచు కత్తితో సమానం.

పదిహేను రోజులకు వెంకటయ్య బండి దుకాణం ముందు ఆగింది. బండి నిండా తెగిన తొండాలు, వాటి బొక్కెనలు.

"ఏం పనయ్యా ఇది? నారుమడి ఎండిపోతోంది నాది! ఎవరు కుట్టారు వీటిని?" అని అరిచాడు.

మల్సూర్ ఆ పూట ఊళ్లో లేడు. ఏసుపాదం లేచి నిలబడ్డాడు. తెగిన తోలును ఒక్కసారి చేత్తో తడిమాడు. తర్వాత చేతులు కట్టుకుని, "తోలుదే తప్పు పటేలా. మూడు దినాలల్ల కొత్తయి కుట్టి ఇస్త," అన్నాడు.

కుట్టాడు కూడా. ఇంట్లో దాచుకున్న తోళ్లన్నీ తీశాడు. వచ్చే ఏడుకని తంగేడు చెక్కతో నెలల తరబడి ఊరబెట్టి సిద్ధం చేసుకున్న తోళ్లవి. తొండాలు మళ్లీ తెగకుండా ప్రతి మూతి అంచుకూ, తొండం లోపల, ఇంకో తోలుపట్టీ చుట్టాడు. అదీ తన తోలే. తిరిగొచ్చిన మల్సూర్‌తో "కుట్టు వదులైంది అన్నా, సరిచేస్తున్న," అన్నాడట.

మర్నాడు సువార్తమ్మ నా చాప ముందుకొచ్చి, నేను రాస్తున్న అర్జీ మీద తెగిన తోలుముక్క ఒకటి విసిరేసింది.

"అన్ని సదువుతవు గద, మున్షీసాబ్. దీన్ని సదువు!"

చేతిలోకి తీసుకున్నాను. కుట్టు చెక్కుచెదరలేదు. కుట్టుకు వేలెడు పైన, చుట్టూ గీత గీసినట్టు తెగి ఉంది. కోసింది రేకు అంచేనని చదువురానివాడికైనా అర్థమవుతుంది. నాకు సిగ్గేసింది. ముక్క పట్టుకుని నేరుగా కొలిమికి నడిచాను, సువార్తమ్మ నా వెనకే. ఏసుపాదం ఒక మూలన కూర్చుని ఆఖరి తొండం కుడుతున్నాడు.

తోలుముక్కను మల్సూర్ చేతిలో పెట్టాను. అతను దాన్ని తిప్పి చూసి, పక్కనున్న బొక్కెన దగ్గరికి వెళ్లి, పట్టీ కింద బొటనవేలు దూర్చి మూతి అంచు మీద రాశాడు. వేలు తెగింది. రక్తం తుడుచుకోలేదు. ఒక్కసారిగా ఏసుపాదం మీద విరుచుకుపడ్డాడు.

"నీకు కండ్లు లేవా? నా రేకు కోసిందని నీకు తెల్వదా?"

ఏసుపాదం ఆరె పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"తియ్యి దాన్ని! తీసి మాట్లాడు! తెల్సి కూడ ఎందుకు చెప్పలే?"

ఆరె మెల్లగా బయటికొచ్చింది. "చెప్తే పొత్తు ఇడిసిపెడ్తవనుకున్న అన్నా. మళ్ల ఎవలి దగ్గరనో జీతం ఉండుడు నాతోని కాదు. ఈ తోళ్లు పోతె పోనీ అనుకున్న."

అంత గొంతున్న మల్సూర్ కొలిమి గట్టు మీద కూలబడి తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. చెమట కాదని అందరికీ తెలుసు. కాసేపటికి నా వైపు తిరిగి, "నీ కాయితం చింపెయ్ మున్షీసాబ్," అన్నాడు. "మోట చెడితె మోట ఇద్దరిది. గంతే రాయి. ఆని తోళ్లకు సగం పైసలు నేను పెట్టుకుంట."

అప్పటికీ నాలోని మున్షీ ఊరుకోలేదు. ఏసుపాదాన్ని పక్కకు పిలిచి, "ఆలోచించుకో. ఇలా రాస్తే రేపు ఇతని తప్పుకు నీ ఇల్లు పోవచ్చు," అన్నాను.

"ఇరువై ఏండ్లు అందరి తప్పులు మోసిన, సారూ," అన్నాడు అతను. "రాబడిల పాలు లేకుంటనే మోసిన. ఇప్పుడు పాలు కూడ ఉంటది గద."

 మల్సూర్ దగ్గరున్న పాత కాగితం అడిగి తీసుకుని కొలిమిలో వేశాను. కొత్తది మూడు వాక్యాల్లో రాశాను, డబ్బు తీసుకోలేదు. సువార్తమ్మ రెండుసార్లు చదివించుకుని విన్నది. నేను విసుక్కోలేదు.

దసరా ముందు ఒకరోజు అటువైపు వెళ్తే, వెంకటయ్య మళ్లీ బండి దిగుతూ కనిపించాడు. ఇంకో రెండు మోటలు కావాలట. దుకాణంలో ఏసుపాదం ఒక్కడే ఉన్నాడు, ఒళ్లో తొండం, నోట్లో ఆరె. నేను రోడ్డు మీదే ఆగిపోయాను. లేస్తాడేమో, లేవొద్దు దేవుడా అనుకున్నాను.

"యజమాని లేడా?" అన్నాడు వెంకటయ్య.

ఏసుపాదం మోకాళ్లు కొద్దిగా కదిలాయి. లేవబోయి ఆగాడు. ఆరె నోట్లోంచి తీశాడు.

"నేనున్న. చెప్పు పటేలా," అన్నాడు. పక్కనున్న పీట ముందుకు జరిపి, "జర కూసో. ఈ కుట్టు కానియ్," అన్నాడు.

ఆ కుట్టు అయ్యేదాకా వెంకటయ్య కూర్చున్నాడు.