అట్ట మీద ఎడమచేతి వీణ

ఆ ఏడాది గొడవలకు కాలేజీలు మూతపడ్డాయి. పొద్దస్తమానం ఇంట్లో ఉండి నేను చేసిన పని వీణ సాధన ఒక్కటే. అశోక్‌నగర్‌లో మా టీచర్‌గారు మెచ్చుకోవడం ఎరగని మనిషి. అలాంటిది, దసరాకి తన ఇంట్లో జరిగే కచేరీలో నన్ను కూర్చోబెడతానన్నారు. నాకదే మొదటి కచేరీ.

నారాయణగూడలో సంగీత మాసపత్రిక నడిపే ఆయన మా నాన్నగారికి స్నేహితుడు. అంతవరకు ఆ పత్రిక అట్ట మీద విభూతి రేఖల ముసలి విద్వాంసులే ఉండేవారు. కొనేవాళ్లూ ఆ ఈడువాళ్లే. "నేర్చుకునే పిల్లలు కొనాలండీ, వాళ్ల అమ్మలు కొనాలి. అట్ట మీద మనింటి పిల్ల కనబడాలి" అంటూ దసరా సంచికకి నా ఫొటో అడిగాడు. మా అమ్మ మురిసిపోయి కొత్త ఓణీ వేసింది. నేనేమో సిగ్గుపడి, తీగల వైపు చూడకుండా కుడివైపు కిటికీలోకి చూశాను. అదే కొంప ముంచింది.

అట్ట వేసే ఆర్టిస్టు ఈ ఊరివాడే. "పిల్ల ముఖం పుస్తకం కుట్టు దిక్కు పోతున్నది సార్. తెరిచే దిక్కు చూడాలె. గప్పుడే కొనేటోళ్ల చెయ్యి పుస్తకం మీదికి పోతది" అని నెగెటివ్ తిరగేసి అచ్చు బ్లాకు చేయించాడట. ముఖంతో పాటు వీణా తిరుగుతుందని ఆ ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు. పేరుకి సంగీత పత్రిక!

చిక్కడపల్లి పుస్తకాల షాపులో తాడుకి వరసగా వేలాడుతున్న నన్ను నేను చూసుకున్నాను. ఎడమచేత్తో మీటుతున్నాను, కుడిచేత్తో మెట్లు నొక్కుతున్నాను. ఓణీ కూడా కుడిభుజం మీదికి వెళ్లిపోయింది. "ఏంది పిల్లా, మార్వాడోళ్ల లెక్క పైటేసినవ్?" అని పక్కింటి అక్క పకపకా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. టీచర్‌గారికి ఏ మొహం పెట్టుకుని కనబడను? జ్వరమని చెప్పి పాఠానికి వెళ్లడం మానేశాను. కచేరీ పోయినట్టేనని ఏడ్చాను.

చివరికి అమ్మే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. టీచర్‌గారి ముందు కొత్తగా చేరిన చిన్నపిల్ల ఒకతె, తనకన్నా పెద్ద వీణని అటుదిటు పెట్టుకుని కూర్చుంది.

"అలా కూర్చోమని ఎవరు చెప్పారే?" అన్నారు టీచర్‌గారు.

"గీ అక్క ఇట్లనే కూసున్నది గద!" అని పక్కనున్న పత్రిక అట్ట చూపించింది. ఆ బొమ్మ చూసే వీణ కావాలని ఇంట్లో పేచీ పెట్టిందట. తలెత్తి నన్ను గుర్తుపట్టి, దేవతని చూసినట్టు నోరు తెరిచింది. పక్కింటి అక్క నవ్వినప్పటి సిగ్గు దీని ముందు ఏపాటిది!

టీచర్‌గారు నన్ను కోప్పడలేదు. "కచేరీలో ఇది ముందు వరసలో కూర్చుంటుంది, నిన్ను చూస్తూ. ముందు దాన్ని సరిచెయ్యి" అన్నారు.

నేను పిల్ల పక్కన కూర్చుని వీణ తిప్పి పెట్టాను.

"మరి ఫొటోల తప్పు కూసున్నవా, అక్కా?" అంది.

నెగెటివ్ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. అవునన్నాను.