నాట్ యెట్, నాటెయ్

ఎనభైల మొదట్లో, న్యూయార్క్ రాష్ట్రంలో సరస్సు ఒడ్డున మూడు తరాలుగా ఒకే కుటుంబం చూసుకుంటున్న వైన్ ద్రాక్షతోటకి మట్టి పరీక్షలు చేసిపెట్టేవాణ్ణి. మట్టిలో నాకు డాక్టరేటు ఉంది. మా ఇంట్లో కుండీలో కరివేపాకు మాత్రం ఏ చలికాలమూ దాటలేదు.

ఆ తోట పెద్దావిడ రీస్లింగ్ ద్రాక్షపండు కొరికి, గింజ అరచేతిలోకి ఉమ్మి చూసేది. నా మీటరు తీపి చాలంటున్నా సరే, గింజ గోధుమరంగుకి తిరగకుండా ఇంకా పచ్చగా కనిపిస్తే "నాట్ యెట్" అనేది. నా తెలుగు చెవికి అది "నాటెయ్" అని వినబడేది. దాని అర్థం చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

ఒక చలికాలం ఆ రీస్లింగ్ తీగలు సగానికి పైగా చచ్చిపోయాయి.

"ఇనఫ్, మామ్! చలికి తట్టుకునే రకమేదైనా వేద్దాం," అన్నాడు కొడుకు. "రీస్లింగ్ మళ్లీ కాపుకొచ్చేసరికి నీకు ఎనభై దాటుతాయి. ఇక వదిలెయ్."

"నాట్ యెట్," అంది ఆవిడ. నావైపు తిరిగి, "మీ భాషలో దీనికి అర్థమేంటి, డాక్టర్?" అని అడిగింది.

"ప్లాంట్ ఇట్," అన్నాను.

"విన్నావుగా, డాక్టరే చెప్పాడు!" అని కొడుకుతో అంటూ, పార తెచ్చి నా చేతిలో పెట్టింది.

నాలుగేళ్లకి, నేను నాటిన తీగ నుంచే ఒక పండు కొరికి, గింజ చూసింది. ఆ మాట కోసం చెవులు రిక్కించాను. ఆవిడ ఏమీ అనకుండా బుట్ట అందుకుంది.