మంజు మెలికల అక్షరాలు

పుంగనూరులో ఆవుల్ని మేపుకునే ఇంట పుట్టిన మంజు చేతిరాతకు మదనపల్లెలో మంచి గిరాకీ ఉండేది. పెళ్లిపత్రిక అచ్చువేయించడానికి వచ్చినవాళ్లు ప్రెస్సు నరసింహులుతో, "పేర్లు మాత్రం ఆ యమ్మతోనే రాయించప్పా" అనేవారు. మా అక్క పత్రికా ఆమె రాసిందే. తలకట్టును తీగలా సాగదీసి పక్క అక్షరం మీదికి వంచేది. కొమ్ము చివర చిన్న మెలిక. కలం నొక్కినచోట లావు, తేల్చినచోట వెంట్రుకంత సన్నం.

తొంభై తొమ్మిదిలో ప్రెస్సుకు కంప్యూటరు వచ్చింది. తర్వాత మంజును ఎవరూ పిలవలేదు. ఆమే బస్సెక్కి వచ్చింది.

"ఇప్పుడు పేర్లు కూడా దీంట్లోనే అయిపోతాండాయి మా," అన్నాడు నరసింహులు నొచ్చుకుంటూ.

"అట్లయితే నా అచ్చరాలు దీంట్లోకి ఎక్కించేదానికి కాదా అన్నా?"

ఆయనకు తెలియదు. కంప్యూటరు నడిపే రేఖకు కొంత తెలుసు. ఇద్దరూ తీరిక దొరికినప్పుడల్లా కూర్చునేవారు. మంజు నల్ల ఇంకుతో రాసిచ్చిన అక్షరాలను రేఖ స్కాన్ చేసి, ఒక్కోటి ఒక్కో మీటకు అమర్చింది. "శ్రీలక్ష్మి" అని కొట్టి చూస్తే ఒత్తులు విడిపోయి, తీగలు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. మంజు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను పక్కన ఏముండాదో సూసుకుంటా రాస్తాను. దీనికేం తెలుస్తాది?" అంది.

"పొడుగు తోకది ఒకటి, పొట్టి తోకది ఒకటి రాసియ్ అక్కా. యాడ ఏది సరిపోతే అది పెడదాం," అంది రేఖ.

మంజు మళ్లీ మొదటినుంచి రాసింది. ఆ ఫాంటు తయారవడానికి రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత పెళ్లిపత్రికలు, చీరల కొట్ల సంచులు, నగల డబ్బాలు, ఎక్కడ చూసినా ఆ అక్షరాలే.

ఒకరోజు పుంగనూరు బస్టాండులో గంగులయ్య అనే పెద్దాయన ఒక బోర్డు ముందు కళ్లు చికిలించి నిలబడ్డాడు. పక్క టీకొట్టు రెడ్డెప్ప దాని మీద బస్సుల వేళలన్నీ మంజు అక్షరాల్లోనే వేయించాడు. పెద్దాయన చదివేలోపల ఆయన ఎక్కాల్సిన కుప్పం బస్సు వెళ్లిపోయింది.

"ఏం అచ్చరాలమ్మా ఇవి, పాములు పాకినట్ల ఉండాయి!" అన్నాడు పక్కనే ఉన్న మంజుతో.

ఆమె నొచ్చుకోలేదు. నేరుగా రెడ్డెప్ప దగ్గరికి వెళ్లింది.

"ఇవి పేరుకు, నాలుగు మాటలకు బాగుంటాయప్పా. ఇంత సమాచారం దీంట్లో పెడితే ఎవురు సదవగలరు?"

"నువ్వు రాసిందే కదా మా?"

"నేను రాసింది కాబట్టే సెప్తాండా."

పెయింటు తెప్పించి, ఆ బోర్డు మీద గుండ్రటి సాదా అక్షరాలు తనే రాసింది. గంగులయ్య తర్వాతి బస్సు వేళ గట్టిగా చదువుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

మంజు ఆ పెద్దాయన మాటను మనసులో పెట్టుకుంది. రెండువేల అయిదులో కుప్పంలో సొంతంగా డీటీపీ సెంటరు తెరిచి, దూరం నుంచీ తేలిగ్గా చదవగలిగే అక్షరాలు గీయడం మొదలుపెట్టింది.