గంజి పెట్టిన నీలం లంగా

మా చెల్లె చదువును వానలో కరిగించబోయిన ఘనుణ్ణి నేనే. నాకు తోడ్పడింది కుండెడు గంజి, పరువు తీసింది ఒక మేక. నవ్వేది ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి, నాకు అలవాటే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. కరీంనగర్ జిల్లాలో మాదొక చిన్న ఊరు, ఇంట్లో రెండు మగ్గాలు. మా నేతగాళ్ల వాడలో ఆరో తరగతికి పోతానన్న మొదటి ఆడపిల్ల మా చెల్లె లచ్చవ్వ. ఆ ఏడే బడికి కొత్తగా వచ్చిన పెద్దసారు, పిల్లలంతా నీలం బట్టలతోనే రావాలన్నాడు. బాపు మగ్గం ఆపకుండానే తీర్పు చెప్పాడు.

"దుకాణంల బట్ట కొనుడు నాతోని కాదు. నీలం లంగ లేదని సారు వాపస్ పంపితే, తెల్లారి సంది ఇంట్ల మగ్గానికి నూలు కండెలు సుట్టాలె. గంతే."

చెల్లె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను రొమ్ము విరుచుకున్నాను.

"ఫికర్ చెయ్యకు చెల్లె. నేసేటోని ఇంట్ల బట్ట కొనుడేంది? నేనే నేస్త."

ఇక్కడ నా విద్య గురించి చెప్పాలి. నూలు తెగకుండా ఉండటానికి అందరూ గంజి పెడతారు. నేను మాత్రం నూలు తగ్గించి పలచగా నేసి, పైన గంజి దట్టించేవాణ్ణి. పట్టుకుంటే దళసరిగా తగిలేది. కొన్నవాళ్లు ఉతికాక తిట్టేవారేమో, అప్పటికి నేను ఇంకో ఊరి అంగడిలో ఉండేవాణ్ణి.

ఆ విద్యనంతా చెల్లె లంగాకు ధారపోశాను. నూలు సగం, గంజి రెండింతలు, రంగు పైపైన. ఆరాక లంగా తనంతట తానే నిలబడింది. అవ్వ, అంటే మా అమ్మ, వేలితో తట్టి చూసింది.

"ఇది లంగనా, డబ్బనా?"

"మిల్లు బట్ట గుడ గిట్లుండదే అవ్వ."

"వానకాలం రా కొడుకా."

"అంగడి అంగడే మోసపోయింది, వానెంత?"

అవ్వ చెల్లెకు ముందు పాత ఎర్రపూల లంగా కట్టి, దాని మీద దీన్ని కట్టింది. నా మీద ఆమెకున్న నమ్మకం అంత.

బడి తెరిచిన రోజు చెల్లెను నేనే తీసుకుపోయాను. సగం దారిలో వాన అందుకుంది. లంగా మొదట మెత్తబడింది, తర్వాత వేలాడింది, చివరికి దోమతెర అయింది. ఎర్రపూలన్నీ బయటికొచ్చాయి. ఎవరిదో మేక గంజి వాసనకు వెంటపడి అంచు నాకసాగింది.

"అన్నా, మేక ఇడుస్తలేదే."

"రానియ్ చెల్లె. దానిగ్గూడ సదువు మీద పానమున్నట్టుంది."

బడి ముందు పెద్దసారు వానలో తడుస్తూనే పిల్లల్ని వరుసలో నిలబెడుతున్నాడు.

"నీలం లంగ ఏదమ్మా?"

చెల్లె తల దించలేదు. "గిదే సార్. మా అన్న నేసిండు."

"గిది బట్టనా? ఇంటికి పోయి మంచిది కట్టుకొని రా పో."

ఇంటికి పోతే ఇక కండెలే. "మంచిదే సార్, గీ పాడు వాననే..." అన్నాను, నేయలేనివాడు వానను తిట్టినట్టు.

అప్పుడు మేక లంగాను వదిలేసి, తిన్నగా సారు దగ్గరికి పోయి ఆయన తెల్ల పంచె నాకడం మొదలుపెట్టింది. పంచె మీద నీలం నాలుక మరకలు పడ్డాయి. ఆ పంచె కూడా వానకు గంజి కరిగి పిక్కలకు అతుక్కుపోయింది. అంచు చూడగానే గుర్తుపట్టాను. "పాతబడుడన్నది ఉండదు సార్" అని మొన్నటి అంగడిలో నేనే అంటగట్టిన పంచె అది.

సారు మేకను చూశాడు, లంగాను చూశాడు, తన పంచెను చూశాడు.

"గీ పంచె నేసిందెవలు?"

నేను మబ్బులకేసి చూశాను. చెల్లె మాత్రం ఎంతో గర్వంగా చెప్పింది.

"అది గుడ మా అన్ననే సార్."

వరుసంతా నవ్వింది. సారుకూ నవ్వు ఆగలేదు.

"నిజం చెప్పే పిల్లను వాపస్ ఎట్ల పంపుత? నువ్వు లోపలికి నడువమ్మా. నీ అన్న మాత్రం నీకో లంగ, నాకో పంచె మల్ల నేసుకరావాలె. గంజి లేకుంట."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను అంగడి రచ్చ గెలిచి ఇంటి పిల్ల మాటకు ఓడాను. సగం నూలు మిగుల్చుకోబోయి మూడింతలు పోగొట్టుకున్నాను. పోతే పోయింది, మా చెల్లె కండెలు చుట్టలేదు. పెద్దయ్యాక అదే బడిలో టీచరై, "మా అన్ననే సదివించిండు" అని ఊరంతా చెప్పింది. అది విన్నప్పుడల్లా నా ఛాతీ గంజి పెట్టినట్టు నిలబడుతుంది.

అందుకే మగ్గం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక బతికున్నంత కాలం గంజిని తాగుతాను గానీ బట్టకు దట్టించను. ఒకవేళ దట్టించినా, మేకలు లేని ఊరు చూసుకునే అమ్ముతాను.